చక్రం తీసిన చోటు

రాజలింగుకు కూర్చోవడం చేతకాకుండా పోయి ఏడాది కావస్తోంది.

అన్నం నిలబడే తినేవాడు. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా రాడ్డు పట్టుకుని వేలాడేవాడు. పొద్దున ఒక ప్రైవేటు బడిలో బొమ్మలు గీయడం నేర్పి, సాయంత్రం ఫ్లెక్సీల దుకాణంలో పనిచేసి, మధ్యలో గంట తెరిపి దొరికితే ఎవరింట్లో ఫ్యాను తిరగట్లేదో వెతుక్కుంటూ వెళ్ళేవాడు. కాసేపు ఊరికే ఉంటే ఏమవుతుందని స్నేహితులు వేళాకోళం చేసేవారు. ఊరికే ఉంటే ఏమవుతుందో అతనికి బాగా తెలుసు. అందుకే ఉండేవాడు కాదు.

కిందటి వానాకాలం అతని తమ్ముడు జ్వరమని ఆస్పత్రికి వెళ్ళి తిరిగి రాలేదు. ఆ తర్వాత రాజలింగు ఇంట్లో ఉన్నవన్నీ చక్కబెట్టాడు. తల్లికి మందులు తెచ్చాడు, కారే కప్పు బాగుచేయించాడు. తమ్ముడి మంచం ఎవరికో ఇచ్చేసి, ఆ చోట కుట్టుమిషను పెట్టించాడు. తల్లికి కుట్టు రాదు. ఎవరైనా తమ్ముడి పేరెత్తితే "సరేగాని" అని మాట మార్చేసేవాడు. నాలుగు నెలలకు ఆ ఇంట్లో ఆ పేరు వినబడ్డం ఆగిపోయింది.

నిద్ర కూడా ఆగిపోయింది. అప్పుడే ఎవరో చెబితే నర్సాంబ గురువమ్మ దగ్గరికి రావడం మొదలుపెట్టాడు.

గురువమ్మది అచల మార్గం, పూజలు లేకుండా గురువు మాటనే నమ్మే దారి. కరీంనగర్ పొలిమేరలో, బైపాస్ రోడ్డు దాటాక రెండు గదుల పెంకుటిల్లు. విగ్రహం లేదు, హారతి లేదు, గంట లేదు. ఉన్నదల్లా ఓ మూల నిలబెట్టిన సండ్రకర్ర. అది ఆమె గురువుగారి చేతికర్ర. ఆయన పోయాక ఆమె చేతికి వచ్చింది. ఆమె తర్వాత ఎవరి చేతికి వెళుతుందో అని శిష్యులు లోలోపల లెక్కలు వేసుకునేవారు, పైకి మాత్రం వైరాగ్యం మాట్లాడేవారు.

"మనసు నిలువెతందుకు ఏమన్న చెప్పమ్మా" అని రాజలింగు వచ్చినప్పుడల్లా అడిగేవాడు.

"చెప్త. ముందుగాల కూసో" అనేది గురువమ్మ.

కూర్చునేవాడు. రెండు నిమిషాలకు లేచి, ఆమె వాకిట్లో ఎండుటాకులు ఊడ్చేవాడు. ఆకులు లేని రోజున మట్టినే ఊడ్చేవాడు. ఇన్ని నెలల్లో తమ్ముడు పోయాడని ఒకసారి చెప్పాడు. పేరు చెప్పలేదు, ఆమె అడగలేదు.

ఈ వానాకాలం మొదట్లో ఓ పొద్దున అతను సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. వెనక క్యారేజీ మీద మడతపెట్టిన పెద్ద అట్టపెట్టె, హ్యాండిల్‌కు రెండు సంచులు. సైకిలు గేర్లది, ఖరీదైనది, తుడిచి తుడిచి మెరుస్తున్నది.

"సైకిలెవరిది బిడ్డా?" అంది గురువమ్మ.

"నాదేనమ్మా."

ఆమె చాయ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

మనాలి నుంచి లేహ్ దాకా కొండల మీద సైకిలు తొక్కాలన్నది తమ్ముడి కోరిక. దానికోసమే ఆ సైకిలు కొన్నాడు, దానికోసమే తిండి తగ్గించి మరీ డబ్బులు దాచాడు. వాడు చేయలేనిది తను చేస్తే తన లోపలి రంధి ఆగుతుందని రాజలింగు ఆశ. అదొక్కటే ఆశ. ఇది కూడా కాకపోతే ఇంకేం చెయ్యాలో అతనికి తోచడం లేదు. రేపు హైదరాబాద్‌లో విమానం ఎక్కి చండీగఢ్‌లో దిగాలి, అక్కణ్ణుంచి బస్సు. ఇంట్లో సైకిలు విప్పితే తల్లి ఏడుస్తుంది. అందుకని ఇక్కడికి తెచ్చాడు.

సైకిళ్ళకని ప్రత్యేకంగా చేసే గట్టి పెట్టెలుంటాయి. అవి కొనే తాహతు అతనికి లేదు, అద్దెకు తెచ్చే తాహతు కూడా లేదు. సైకిళ్ళ షాపువాణ్ణి బతిమాలి ఖాళీ అట్టపెట్టె సంపాదించాడు. విమానం వాళ్ళు పదిహేను కిలోల దాకా ఊరికే తీసుకెళతారు, ఆపైన కిలో కిలోకూ గుంజుతారు. గుంజేది ఇచ్చేంత జేబులో లేదు. కాబట్టి పెట్టెలో పెట్టే ప్రతిదీ రెండు పనులు చేయాలి. చలికోటు ఒంటికి వేసుకునేదీ అదే, హ్యాండిల్‌కు చుట్టేదీ అదే.

వాకిట్లో గోనెపట్టా పరిచి పని మొదలుపెట్టాడు. పెడళ్ళు ఊడదీసి గుడ్డలో కట్టాడు. సీటు దించాడు. హ్యాండిల్ తిప్పి ఫ్రేముకు ఆనించాడు. టైర్లలో గాలి తగ్గించాడు. ముందు చక్రం తీసి ఫ్రేము పక్కన నిలబెట్టి, రాసుకోకుండా మధ్యలో పాత బొంత ముక్క పెట్టాడు. గొట్టాలకు స్పాంజి తొడిగాడు. మూలల్లో ఎవరిదో టీవీ పెట్టెలోంచి తెచ్చిన థర్మకోల్ కుక్కాడు. ఎక్కడ చెయ్యి పెట్టినా మెత్తగా తగిలేదాకా కుక్కాడు.

కిరాణా కొట్టు నుంచి తెచ్చిన వేలాడే కాటాను చూరుకు కట్టి, పెట్టెను దానికి తగిలించి చూశాడు. బరువు ఎక్కువైంది. దించి, విప్పి, ఒక ప్యాంటు తీసేశాడు. మళ్ళీ తూచాడు. ఈసారి తక్కువైంది. తక్కువైతే మంచిదే కదా, అతనికి అదీ నచ్చలేదు. ఇంకొంచెం కుక్కే అవకాశం వదులుకున్నట్టనిపించి మళ్ళీ విప్పాడు. గురువమ్మ తెచ్చిన చాయ గట్టు మీద చల్లారి మీగడ కట్టింది.

"చాయ తాగు బిడ్డా."

"ఒక్క నిమిషం అమ్మా. ఆ సామాన్లు మోసేటోళ్ళు పెట్టెలను ఇసిరి కొడ్తరట. మీద మీద పేరుస్తరట. దీనికేమన్న అయితే నేను..." అని ఆగిపోయాడు. వెంటనే టేపు అందుకుని సర్రుమని లాగాడు.

మూడోసారి మూసి, చుట్టూ టేపు వేసి, పెట్టెను నేలమీద పడుకోబెట్టి అతను చెమట తుడుచుకుంటున్నాడు. గురువమ్మ మెల్లగా వచ్చి, చీర కుచ్చెళ్ళు సర్దుకుని, ఆ పెట్టె మీద కూర్చుంది.

"అమ్మా! లే! ఇరుగుతది!"

"ఇమానంల దీని మీద ఎవ్వలు కూసోరా?"

గురువమ్మ మనిషి పిడికెడు. అయినా పెట్టె ఆమె కింద కుంగింది. అంతటా కాదు, ఒక మూలనే. ఆమె కొంచెం జరిగి మళ్ళీ కూర్చుంది. అక్కడ కుంగలేదు. లేచి, ఆ కుంగిన మూలను అరచేత్తో నొక్కి చూసింది. అట్ట లోపలికి పోయింది.

"ఇప్పు" అంది.

అతను టేపు చించి విప్పాడు. ఆ మూలన ఉన్నది ముందు చక్రం తగిలించే రెండు కాళ్ళు. వాటికీ స్పాంజి తొడిగే ఉంది. చక్రం లేకపోవడంతో ఆ రెండూ దేన్నీ పట్టుకోకుండా నోరు తెరుచుకుని ఉన్నాయి. పై కాలును గురువమ్మ వేలితో నొక్కితే అది కింది కాలు వైపు వంగింది.

"ఈడ ఏముండె?"

"ముందు చక్రం. తీసి పక్కకు కట్టిన."

"ఇప్పుడేమున్నది?"

"ఇప్పుడేం లేదమ్మా. ఏం లేని కాడ ఇరిగేది ఏముంటది?" అన్నాడు. కొంచెం విసుగ్గానే అన్నాడు. ఉన్నవాటినన్నిటినీ ఇంత జాగ్రత్తగా చుట్టిన తనకు ఇంకా వంకలు పెడుతున్నందుకు ఉడుకుమోత్తనం కూడా వచ్చింది.

గురువమ్మ లోపలికి వెళ్ళి సండ్రకర్ర తెచ్చింది. దాని కొసను ఆ రెండు కాళ్ళ మధ్య ఆనించి, బొటనవేలి గోటితో గీత పెట్టింది.

"రంపం గిట్ల ఉన్నదా?"

అతని పనిముట్ల సంచిలో హాక్సా బ్లేడు ఉంది. ఎందుకో అర్థంకాక ఇచ్చాడు. ఆమె గట్టు మీద కూర్చుని, కర్రను మోకాలి కింద నొక్కిపట్టి కోయడం మొదలుపెట్టాక గానీ అర్థం కాలేదు.

"అమ్మా! అది పెద్దగురువుగారి కర్ర!"

"ఔ."

"వద్దమ్మా, నీ కాళ్ళు మొక్కుత. బజార్ల కట్టెముక్క తెస్త, పది నిమిషాలు."

"నాకు పొడుగైంది లే" అంది ఆమె కోస్తూనే.

సండ్ర గట్టి చేవ. చాలాసేపు పట్టింది. చెయ్యి నొప్పి పుట్టినప్పుడు ఆపి, ఊపిరి తీసుకుని, మళ్ళీ కోసింది. తనకివ్వమని రాజలింగు చెయ్యి చాపితే ఇవ్వలేదు. చేసేందుకు పనేమీ లేక అతను ఎదురుగా నిలబడ్డాడు. ఎర్రటి పొట్టు ఆమె ఒళ్ళో రాలుతుంటే చూస్తూ ఉండిపోయాడు.

అయిదు వేళ్ళ వెడల్పు ముక్క తెగి కిందపడింది. ఆమె దాన్ని ఆ రెండు కాళ్ళ మధ్య దూర్చింది. సరిగ్గా పట్టింది. పాత ట్యూబు రబ్బరుతో రెండు కొసలూ బిగించి కట్టింది. ఈసారి పై కాలును అరచేత్తో నొక్కినా కదలలేదు.

"ఇంత ముక్క సరిపోతదా అమ్మా? చుట్టూ ఇంక ఏమన్న నింపాలెనా?"

"నింపెతందుకు గాదు బిడ్డా. ఆ చోటు ఆ చోటు లెక్క ఉండెతందుకు."

అతను ఆ ముక్కను చూశాడు. ముక్క బరువు గుర్తొచ్చి కాటా దగ్గరికి పరుగెత్తాడు. కొంచెం ఎక్కువైంది. హ్యాండిల్‌కు చుట్టిన రెండో స్వెట్టర్ తీసేశాడు.

ట్రాలీ ఆటో వచ్చి పెట్టె ఎక్కించుకుంటుంటే వెనక్కి తిరిగి చూశాడు. గురువమ్మ కర్ర పొట్టిదైంది. ఎప్పుడూ నిటారుగా నడిచే మనిషి గడప దాటుతూ ముందుకు వంగింది. రాజలింగు గబగబా తల తిప్పుకున్నాడు.

మర్నాడు విమానాశ్రయంలో పెట్టెను తూకం మీద పెట్టాడు. అంకె పదిహేను దగ్గర ఊగి ఊగి నిలబడింది. కౌంటరులోని అమ్మాయి తల కూడా ఎత్తకుండా చీటీ అంటించి పంపేసింది. విమానంలో మాత్రం బెల్టు పెట్టి కూర్చోబెట్టారు, తప్పలేదు. మోకాలు ఆడిస్తూనే ఉన్నాడు. పక్క సీటాయన రెండుసార్లు మర్యాదగా చూసి, మూడోసారి "జర ఆపు తమ్మీ, సీటంత ఊగుతున్నది" అన్నాడు. ఆపాడు. కాసేపటికి రెండో మోకాలు మొదలైంది.

చండీగఢ్‌లో సామాన్లు వచ్చే పట్టీ మీద అందరివీ వచ్చాయి, అతనిది రాలేదు. అటూ ఇటూ తిరిగాడు. కనబడినవాణ్ణల్లా అడిగాడు. చివరికి ఒకతను పక్క తలుపులోంచి పెట్టెను ఈడ్చుకొచ్చి వదిలేశాడు.

పెట్టె ఒక మూలన అణిగిపోయి ఉంది. మీద ఏదో బరువైనది పడ్డట్టు అట్ట చీలి, లోపలి థర్మకోల్ పిండయి బయటికి రాలుతోంది. అదే మూల. రాజలింగు అక్కడే వంగి, తాళంచెవితో టేపు కోసి, అట్ట తెరిచాడు.

స్పాంజి నలిగింది, బొంత చిరిగింది. చక్రం కాళ్ళు రెండూ ఎలా పెట్టాడో అలాగే ఉన్నాయి. మధ్యలో సండ్రముక్క. దాని రెండు కొసల్లోనూ ఇనుము దిగబడిన గుర్తులు లోతుగా పడ్డాయి.

రబ్బరు విప్పి ముక్క బయటికి తీశాడు. పక్కన కట్టిన ముందు చక్రం తీసి ఆనిస్తే చప్పుడు లేకుండా తన చోట్లో కూర్చుంది. చేత్తో తిప్పాడు. ఎక్కడా రాసుకోకుండా తిరిగింది. తమ్ముడు కొత్తలో ఇంటి ముందు దాన్ని అలాగే తిప్పి, ఆగేదాకా చూస్తూ ఉండేవాడు. ఇన్నాళ్ళూ రానివ్వని ఆ జ్ఞాపకం వచ్చేసింది. రాజలింగు కూడా ఆగేదాకా చూశాడు.

ముక్క గుప్పిట్లో పెట్టుకుని గురువమ్మకు ఫోన్ చేశాడు. ఆమె ఫోను ఎప్పుడూ గోడకు సంచిలో వేలాడుతుంటుంది, పదిసార్లు మోగితే ఒకసారి ఎత్తుతుంది. ఈసారి మొదటి మోతకే ఎత్తింది.

"అమ్మా, సైకిలు మంచిగ వచ్చింది."

"ఎవలి సైకిలు బిడ్డా?"

చుట్టూ ట్రాలీలు గడగడమంటున్నాయి. ఎవరో టాక్సీ కావాలా అని అడిగి వెళ్ళిపోయారు. రాజలింగు సండ్రముక్క మీది గుర్తుల్లో బొటనవేలు ఆనించాడు. గురువమ్మ ఫోన్ పెట్టేయలేదు.

"ఓదెలుది అమ్మా" అన్నాడు చివరికి. "మా తమ్ముడు ఓదెలుది."

అటువైపు పొట్టికర్ర గచ్చు మీద ఆనిన చప్పుడు, మంచం కిర్రుమన్న చప్పుడు వినిపించాయి.

"కూసోని చెప్పు" అంది గురువమ్మ.

రాజలింగు సైకిలు పక్కన నేలమీద కూర్చున్నాడు.