మాటకొక సైటు

"దగ్గర దగ్గరగా ఉండే మాటలన్నిటికీ కలిపి ఒకే సైటు పెట్టడం మంచిదా, మాటకొకటి చొప్పున పెట్టడం మంచిదా గురువుగారూ?" అని అడిగాడు శశాంక్.

అడిగింది పున్నయ్య గారిని. ఆయన కాషాయం కట్టిన గురువేం కాదు. పట్నంలో చాలా ఏళ్ళు వెబ్‌సైట్లు కట్టించి, జనం ఫోన్లో ఏ మాట కొడితే ఏది ముందు కనపడుతుందో ఆ మర్మమంతా ఔపోసన పట్టి, చివరికి దివిసీమలో పొలాల పక్కన చిన్న ఇల్లు వేసుకుని కూర్చున్న మనిషి. ఆ విద్య నేర్చుకుంటామని వచ్చినవాళ్ళని కాదనేవారు కాదు గానీ, అడిగినదానికి వెంటనే జవాబు చెప్పిన పాపాన ఏనాడూ పోలేదు. ప్రశ్న వినగానే ఏదో పని పెట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయేవారు. అవతలివాడు కాసేపు తన ప్రశ్నతో తానే వేగాలి మరి.

శశాంక్ బెజవాడ అపార్ట్‌మెంట్లలో పుట్టి పెరిగినవాడు. తెలివైనవాడు, ఆ సంగతి అతనికీ బాగా తెలుసు. ఆరోగ్యం గురించి సైట్లు నడిపి, వాటిమీద వచ్చే ప్రకటనలతో బతుకుతున్నాడు. పాముకాటుకి ఒక సైటు, తేలు కుడితే చూడడానికి ఒకటి, పురుగు కుడితే చూడడానికి ఇంకొకటి. అన్నీ తనవేనని ఎక్కడా చెప్పుకోలేదు. ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్ళే దారి కూడా పెట్టలేదు. పెడితే ఇవన్నీ ఒకడి సొత్తేనని వెదికిపెట్టే కంపెనీ పసిగట్టి, మొత్తాన్ని అట్టడుక్కి తోసేస్తుందని భయం. అప్పటిదాకా అతనికి తెలిసిన పెద్ద భయం అదే.

"మాటకొకటి ఉంటే, ఎవరు ఏ మాట కొట్టినా మనమే ముందుంటాం కదండీ" అన్నాడు, జవాబు తనే అందిస్తూ.

పున్నయ్య గారు తలూపి లేచారు. "బీరపాదుకి నీళ్ళు పెట్టొస్తా, కూర్చో" అని వెనక్కి వెళ్ళిపోయారు.

ఆయనటు వెళ్ళగానే ఒకావిడ రొప్పుకుంటూ వాకిట్లోకి వచ్చింది. రెండు మళ్ళ అవతల ఉండే నాంచారమ్మ. కాళ్ళకింకా బురద ఆరలేదు.

"బాబూ, పెద్దాయన లేరా? మా ఆయనకి గట్టుమీద పురుగు ముట్టిందయ్యా, మడమ దగ్గర! ఆసుపత్రికి పోదాం పదమంటే, ఏం కాదులే పోవే అంటన్నాడు. కాస్త ఆ ఫోన్లో చూసి చెప్పు బాబూ, ఏం చెయ్యమంటారో."

ఆవిడ అన్నది అన్నట్టే శశాంక్ ఫోన్లో కొట్టాడు. పురుగు ముట్టింది. అన్నిటికంటే పైన అతని పురుగు సైటే వచ్చి నిలబడింది. ఎందుకు దాచాలి, ఆ క్షణాన అతనికి ఎవరి మడమా గుర్తు లేదు. తన సైటు అంత పైన ఉందన్న సంబరంతో ఛాతీ ఉప్పొంగిపోయింది. గొంతు సవరించుకుని చదివాడు.

"చల్లటి నీళ్ళతో కడగండి. సున్నం రాయండి. కాసేపు విశ్రాంతి తీసుకోనివ్వండి. కంగారు పడాల్సిన పని లేదు."

నాంచారమ్మ కళ్ళప్పగించి చూసింది. "అంతేనా? పడుకోనియ్యొచ్చా బాబూ? నిద్రపోయినా పర్లేదా?"

"హాయిగా పడుకోనివ్వమ్మా. భయం లేదు."

ఆవిడకి ప్రాణం లేచొచ్చినట్టయింది. "సల్లగుండు నాయనా" అని దణ్ణం పెట్టి, వచ్చినంత వేగంగానే వెళ్ళిపోయింది.

కాసేపటికి పున్నయ్య గారు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చారు. శశాంక్ ముఖం వెలిగిపోతోంది. "నా ప్రశ్నకి జవాబు దొరికిందండీ. ఇప్పుడే ఒకావిడ వచ్చింది. మాటకొక సైటు పెట్టబట్టే ఆవిడకి కావలసింది చిటికెలో దొరికింది."

"ఏం కావాలంది?"

"వాళ్ళాయన్ని ఏదో పురుగు కుట్టిందటండీ."

"కుట్టిందందా? ఆవిడ అన్న మాటేమిటో అది చెప్పు."

"పురుగు ముట్టింది, అంది."

ఆయన చేతిలో తువ్వాలు జారిపోయింది. "ఓరి నీ ఇల్లు బంగారం గానూ! కరిచిన పాముని ఈ సీమలో ఎవరన్నా పేరు పెట్టి పిలుస్తారట్రా? పురుగనే అంటారు!"

 పాముకాటు సైటులో తను రాసినదంతా ఒక్కసారిగా శశాంక్ కళ్ళముందు తిరిగింది. కట్లు కట్టొద్దు, కోయొద్దు, పసర్లతో పొద్దుపుచ్చొద్దు, క్షణం ఆలస్యం చెయ్యకుండా ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అంతా సరిగ్గానే రాశాడు. పెద్ద పెద్ద అక్షరాల్లో, ఎర్ర రంగు వేసి మరీ రాశాడు. కానీ ఆవిడ ఆ మాట అనలేదు, అనదు కూడా. అన్న మాటకి దొరికింది సున్నమూ, నిద్రా.

పున్నయ్య గారు బండి తీశారు. శశాంక్ వెనక ఎక్కాడు. డొంకలో బండి ఎగిరెగిరి పడుతోంది. దారిలో ఎదురైన ప్రతి మనిషి ముఖంలోకీ చూశాడు, ఏడుపులేమైనా విన్న ముఖాలా అని. దూరంగా ఎక్కడో ఒక ఆడగొంతు గట్టిగా వినపడితే పై ప్రాణాలు పైనే పోయాయి. ఎవరో గేదెని అదిలిస్తున్నారు. దేవుడా, ఇంకా ఏమీ కాకుండా ఉంటే చాలు, ఇంకేమీ అడగను అనుకున్నాడు. దేవుణ్ణి తలుచుకుని చాలా కాలమైంది పాపం, ఏ దేవుణ్ణి అడగాలో కూడా తెలియలేదు.

ఆ ఇంటి వసారాలో చాపమీద పడుకుని ఉన్నాడు నాంచారమ్మ మొగుడు సాంబయ్య. మడమమీద తెల్లగా సున్నం ఆరుతోంది. పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతోందావిడ. శశాంక్‌ని చూడగానే ఆవిడ ముఖం విప్పారింది.

"నువ్వు చెప్పినట్టే చేశా బాబూ! నొప్పి కూడా అంతగా లేదంట. ఇదుగో, ఇప్పుడే కునుకు పట్టింది."

పున్నయ్య గారు వంగి "సాంబయ్యా" అని గట్టిగా పిలిచారు. సాంబయ్య కళ్ళు తెరవబోయాడు. రెప్పలు లేవలేదు. పెదాలు కదిలాయి గానీ మాట ముద్దయి లోపలే ఉండిపోయింది. అది నిద్ర కాదని నాంచారమ్మకి అప్పుడు తెలిసింది. విసనకర్ర అక్కడే పడేసి, "అయ్యో, అయ్యో, నా చేతుల్తో నేనే పడుకోబెట్టానే!" అని గుండెలు బాదుకుంది.

సాంబయ్యని మధ్యలో కూర్చోబెట్టుకుని బండి పెద్దాసుపత్రికి పరిగెత్తింది. శశాంక్ వెనకనుంచి రెండు చేతులా గట్టిగా వాటేసుకుని కూర్చున్నాడు. అరచేతి కింద ఆ మనిషి ఊపిరి తెలుస్తోంది. ఒకసారి లేస్తుంది, ఆగుతుంది, మళ్ళీ లేస్తుందో లేదో తెలియదు. అది ఆగిన ప్రతిసారీ శశాంక్ ఊపిరి కూడా ఆగిపోయింది. "సాంబయ్య గారూ, పడుకోకండి, మీకు దణ్ణం పెడతా పడుకోకండి" అంటూ దారి పొడుగునా ఆ చెవిలో ఏడుస్తూనే ఉన్నాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ సాంబయ్య కళ్ళు చూడగానే ఇంజెక్షన్ తెమ్మని కేకేసింది. గొంతులోకి గొట్టం వేశారు. తలుపు మూసేశారు. ఆ మూసిన తలుపు ముందు, వెనక ఆటోలో వచ్చి చేరిన నాంచారమ్మ ఒక పక్కా, శశాంక్ ఒక పక్కా నేలమీద కూలబడ్డారు. తలుపు కిర్రుమన్నప్పుడల్లా ఇద్దరూ ఒక్కసారే తలెత్తేవారు. దీపాలు పెట్టే వేళకి డాక్టరమ్మ బయటికొచ్చింది.

"ఊపిరి నిలబడింది. గండం గడిచినట్టే. ఇంకాస్త ఆలస్యమైతే మాత్రం నా చేతుల్లో ఉండేది కాదు."

నాంచారమ్మ కళ్ళు తుడుచుకుంది. ముడుచుకుపోయి కూర్చున్న శశాంక్‌ని చూసి జాలిపడి, దగ్గరికొచ్చి భుజంమీద చెయ్యేసింది.

"నువ్వేం బాధపడకు బాబూ. నీ తప్పేముంది? అందులో ఉన్నదే కదా చదివావు. రాసినోడు ఎవడో గానీ, ఆడికి మా సంగతేం తెలుసు?"

 ఆవిడ లోపలికి వెళ్ళేదాకా శశాంక్ తలొంచుకునే ఉన్నాడు. తర్వాత ఫోన్ తీసి, చాలాసేపు ఏదేదో నొక్కి, అరుగుమీద కూర్చుని ఉన్న పున్నయ్య గారి దగ్గరికి వెళ్ళాడు.

"పురుగు సైటు తీసిపారేశానండీ. పాము, పురుగు, తేలు, ఏ మాట అన్నా ఇక అంతా ఒక్కచోటికే వచ్చేలా చేసేస్తాను. గండం గడిచింది కదండీ. ఇక భయం లేదు కదా?"

పున్నయ్య గారు వెంటనే జవాబు చెప్పారు. పెరట్లోకి వెళ్ళడానికి అక్కడ పెరడు లేదు మరి.

"ఈవిడంటే నీ ఎదటికొచ్చి అడిగింది కాబట్టి, వెనకాల పరిగెత్తగలిగాం" అన్నారు.