తమ్ముడి సారె

అనగనగా ఒక ఏటి ఒడ్డు. ఆ ఒడ్డున ఒక కుమ్మరిపల్లె. పల్లెకంతటికీ ఆవం ఒక్కటే. అందరి కుండలూ అందులోనే కాలేవి. తడి ఆరని కుండ నిప్పులో పేలుతుంది, పక్క కుండలనూ పగలగొడుతుంది. అందుచేత అక్కడొక కట్టుబాటు ఉండేది. తెలిసి తెలిసి తడికుండను ఆవంలో పెట్టినవాడి సారెను, అంటే కుండలు చేసే చక్రాన్ని, ముక్కలు చేయాలి. వాడు జన్మలో మరి కుండ చేయరాదు.

పల్లెపెద్ద నరసన్నకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు మాచన్న, చిన్నవాడు శాంతన్న.

ఒకనాడు ఒక బాటసారి శాంతన్న కూజాలోని నీళ్ళు త్రాగి, "అమృతం!" అన్నాడు. మాచన్న మనసు చివుక్కుమంది. 'నా కూజాలో పోసినవి ఈ ఏటినీళ్ళు కావూ?' అనుకున్నాడు.

మరొకనాడు ఒక వర్తకుడు శాంతన్న కుండలన్నీ బండికెత్తించి, "నీవి మరోసారి చూద్దాంలే" అన్నాడు మాచన్నతో. ఆ పూట మాచన్నకు అన్నం సహించలేదు.

మూడవసారి రాజభటుడు వచ్చాడు. "మహారాజు కొలువుకు పెద్ద కాగు కావాలి. శాంతన్నే చేయాలట."

"మా ఇంట్లో చేతులున్నవాడు వాడొక్కడేనా?" అన్నాడు మాచన్న.

భటుడు నవ్వాడు. "చేతులు నాకూ ఉన్నాయిలే అయ్యా!"

ఆ నవ్వు మాచన్న గుండెలో కుంపటి పెట్టింది. ఆవం పేర్చేటప్పుడు ఎవరూ చూడకుండా తమ్ముడి కాగు క్రింద ఒక తడికుండను దూర్చాడు. కంగారులో దాని అంచున ఉన్న తన గుర్తును చెరపడం మరిచాడు.

నిప్పు అంటుకుంది. ఫెళ్ళుమని పేలింది. కాగు ఒక్కటే కాదు, పల్లె కుండలన్నీ పెంకులయ్యాయి. ఆ పెంకుల్లో మాచన్న గుర్తు బయటపడింది.

"అందరికీ కొత్త కుండలు చేసి ఇస్తాను" అన్నాడు మాచన్న.

"తడికుండ పెట్టిన ఆ చేతితోనేనా?" అంది ముసలి గంగమ్మ.

"ఉపవాసం ఉంటాను."

"నీ కడుపు మాడితే మా కుండలు అతుకుతాయా నాయనా?"

"నాన్నా, నేను నీ కొడుకును!"

నరసన్న కళ్ళు తడిశాయి. "కొడుకువని విడిచిపెడితే ఈ పల్లెలో న్యాయం మిగలదురా" అని గొడ్డలి తీశాడు.

అప్పుడు శాంతన్న లేచాడు. తన సారెను మోసుకొచ్చి తండ్రి ముందు పెట్టాడు. "అన్నయ్య శిక్ష నా మీద వెయ్యి నాన్నా. అన్నయ్య సారె తిరగనీ."

"నీ దోషమేముందిరా?"

"ఏమీ లేదు. దోషికి మోయడానికి తన శిక్షే ఉంటుంది. మరొకరిది ఎలా మోస్తాడు? ఏ దోషమూ లేని నేను మోయగలను."

నరసన్న పల్లె వంక చూశాడు. ముసలి గంగమ్మ సరేనని తల ఊపింది. గొడ్డలి పడింది. శాంతన్న సారె ముక్కలైంది.

మాచన్న తల ఎత్తాడు. ఇన్నాళ్ళూ తాను కన్నుకుట్టి చూసిన ఆ చేతులు వట్టివిగా ఉన్నాయి. అసూయపడడానికి అక్కడ ఇక ఏమీ మిగలలేదు. అతడు తమ్ముడి పాదాల మీద పడ్డాడు.

"లే అన్నయ్యా. మన్ను నేను తొక్కుతాను. నువ్వు సారె త్రిప్పు."

అటుపై తన పనితనాన్ని ఎవరు పొగిడినా మాచన్న, "ఈ చేతులు నావి కావు, నా తమ్ముడు విడిపించినవి" అనేవాడు.

బిడ్డలారా, పాపానికి శిక్ష తప్పదు. దోషి మోయలేని ఆ శిక్షను నిర్దోషియైన క్రీస్తు ప్రేమతో తానే భరించడమే పాపపరిహారం.