రాహేలు చుట్టిన పొట్లాలు

ఏమర్రా, ఒక మాట అడుగుతాను, తొందరపడకుండా ఆలోచించి చెప్పండి. పేరు రాయని పొట్లం మీ ముందు పెడితే, అది మీదేనని ఎలా తెలుస్తుంది? "విప్పి చూస్తాం" అంటే ఒప్పుకోను. విప్పకముందే తెలియాలి. తెలియదూ? అయితే ఆ కత్తెర అక్కడ పెట్టి, ఇలా దగ్గరికి జరగండి.

అనగనగా సముద్రానికి కూతవేటు దూరంలో ఒక ఊరు, ఆ ఊరి చివర ఒక చర్చి, ఆ చర్చి గోడకు ఆనుకుని ఒక జీడిమామిడి తోట. తోటలో జీవాలన్నీ కలిసిమెలిసి కాపురం ఉండేవి. సండే స్కూల్లో పిల్లల పేర్లు పిలుస్తుంటే విని విని, తమ పిల్లలకూ ఆ పేర్లే పెట్టుకున్నాయి. తాబేలు దెబోరమ్మ. జెర్రిపోతు యోనా. గిజిగాడు గిద్యోను. నక్క తీతు. ఇక చుంచెలుక పేరు రాహేలు. మన కథ ఆవిడదే.

క్రిస్మస్ వస్తే ఆ తోటలో ఒక ఆచారం ఉండేది. అందరికంటే పెద్దదైన దెబోరమ్మ ఒక్కొక్కరి చెవిలో ఒక పేరు ఊదేది. ఆ పేరుగలవాళ్ళకు కానుక ఇవ్వాలి. ఎవరిచ్చారో చెప్పకూడదు. పొట్లాలన్నీ ఒకే బుట్టలో వేస్తే, ఎవరిది వాళ్ళు తీసుకోవాలి. పాముకు చెవులెక్కడివి నాయనమ్మా అంటారేమో, కథకు అడ్డం రాకండి.

పొట్లాలకు కాగితం తీతు నక్క ఇచ్చేవాడు. తళతళలాడే కాగితం! ఎర్రది దెబోరమ్మకు, పచ్చది యోనాకు, నీలంది గిద్యోనుకు. రంగు చూసి ఎవరి పొట్లం వాళ్ళు తీసుకునేవారు. దానికి బదులుగా తోట దాచుకున్న జీడిగింజల్లో సగం నక్క ఇంటికి పోయేవి.

"ఓడలో వస్తుంది ఈ కాగితం. ఎన్ని సముద్రాలు దాటి వస్తుందో మీకేం తెలుసు?" అనేవాడు మీసం దువ్వుకుంటూ.

ఆ ఏడు వేసవిలో పెద్ద తుఫాను వచ్చి గింజలు చాలామటుకు కొట్టుకుపోయాయి. మిగిలినవాటిలో సగం నక్కకిస్తే, కొత్త కాపు వచ్చేదాకా రాహేలు కూనలు ఏం తినాలి? రాహేలు లేచి నిలబడింది.

"ఈసారి కాగితం వద్దు తీతన్నా. పొట్లాలు నేను చుడతాను."

"దేనితో చుడతావే, నీ తోకతోనా?"

"పారేసినవాటితో."

నక్క పగలబడి నవ్వాడు. "సరే చుట్టు. కానీ ఒక్క పొట్లం తప్పు చేతిలో పడిందా, ఇకమీద ఏటేటా నా కాగితమే కొనాలి. అందరూ విన్నారుగా?"

అందరూ విన్నారు.

ఒక్కొక్కరే వచ్చి కానుక ఇచ్చి, అది ఎవరికో రాహేలు చెవిలో చెప్పి వెళ్ళారు. దెబోరమ్మకు మగ్గిన జామపండు. యోనాకు ఎండలో వెచ్చగా పడుకోవడానికి నల్ల పలకముక్క. గిద్యోనుకు మెత్తటి కొబ్బరి పీచు. నక్క మాత్రం ఏమీ తేలేదు. రాహేలుకు దెబోరమ్మ ఊదిన పేరు ఇంకెవరికీ తెలియదు. ఆ కానుక ఆవిడే రహస్యంగా తయారు చేసుకుంది.

మొదట చర్చివాళ్ళు పారేసిన పాత కేలండరు కాగితాలు తెచ్చింది. చక్కగా మడతలు పెట్టి చుట్టింది. చుట్టి, వెనక్కి జరిగి చూసింది. అన్నీ ఒకేలా ఉన్నాయి! అంకెలు చూసి గుర్తుపడదామంటే అవి చీమలు పాకినట్టున్నాయి.

"ఇది దెబోరమ్మదా? కాదు, యోనాదేమో. అయ్యో, ఇందాక ఇటుపక్క పెట్టిందేదీ?" అనుకుంటూ మొత్తం విప్పేసింది.

రెండోసారి గోనెసంచి పురికొసలు లాగి తెచ్చింది. ఒక ముడి ఒకరికి, రెండు ముళ్ళు ఇంకొకరికి, మూడు ముళ్ళు మరొకరికి. చుట్టడం అయ్యేసరికి పొద్దు వాలింది. రెండు ముళ్ళు పిట్టకా, పాముకా? ఎంత ఆలోచిస్తే అంత గందరగోళం. పోనీ తనకు గుర్తున్నా, బుట్టలోంచి తీసుకునేవాళ్ళకు ఎలా తెలుస్తుంది? ముసలి తాబేలు పలకముక్క కొరికితే ఉన్న దవడ కూడా ఊడుతుంది!

విసిగిపోయి రాహేలు చర్చి కుళాయి గట్టు మీద కూలబడింది.

అక్కడ ఒక చేమాకు కనిపించింది. ఆకు అంచున అర్ధచంద్రంలా గాట్లు, ఒకదాని పక్కన ఒకటి.

"దెబోరమ్మ పెద్దమ్మ ఇటు వచ్చి వెళ్ళినట్టుంది" అనుకుంది.

అనుకుని, ఆగిపోయింది. ఎలా తెలిసింది నాకు? పెద్దమ్మ ఇక్కడ లేదు, పేరు రాసి పోలేదు, పిలిచి చెప్పలేదు. మరెలా తెలిసింది?

అర్థమయీ అవనట్టున్న ఆ మాట పట్టుకుని తోటంతా పరుగెత్తింది. చూస్తే ప్రతి చోటా ఎవరో ఒకరు పారేసినది ఉండనే ఉంది. పుట్ట దగ్గర యోనా విడిచిన కుబుసం. ఈత చెట్టు కింద గిద్యోను సగం అల్లి, నచ్చక కిందికి తోసేసిన గూడు. ఇన్నాళ్ళూ రోజూ వాటి మీదుగానే నడిచింది, ఒక్కనాడూ చూడలేదు.

మూడోసారి చుట్టిన పొట్లాలకు ముడి కూడా అక్కర్లేకపోయింది.

పండగ పొద్దున చర్చి గంట మోగింది. తోటంతా గుమిగూడింది. "బుట్ట నేను మోస్తాలే" అంటూ నక్క ముందుకొచ్చాడు. ముల్లు దిగిన కాలితో కుంటుతూనే, అందరూ పాట పాడుతుండగా బుట్టను ఎడాపెడా కుదిపి, పైది కిందికి, కిందది పైకి కలిపేశాడు. రాహేలు చూసింది. ఏది ఎక్కడుందో ఇప్పుడు ఆవిడకే తెలియదు.

"ఊఁ, రండి. ఎవరిది వాళ్ళు తీసుకోండి చూద్దాం" అన్నాడు నక్క పళ్ళు బయటపెట్టి.

గిద్యోను రివ్వున వచ్చి వాలాడు. "ఇదేంటి, నా గూడు! ఈ అల్లిక కుదరక మా ఆవిడ నన్ను నానా మాటలూ అంది. ఇది నాదే!"

యోనా బుట్టలోకి తొంగిచూసి సిగ్గుపడ్డాడు. "నా పాత చొక్కా. ఇంత బాగుంటుందని నాకే తెలియదమ్మా."

ఆఖరికి దెబోరమ్మ వచ్చింది. ఆవిడకు చూపు ఆనదు. నక్క ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. దెబోరమ్మ మెడ చాచి, బుట్టలో ఉన్నవాటిని నాలుకతో తడిమింది. చేమాకు అంచున గాట్ల మీద ఆ నాలుక ఆగింది.

"ఈ గాట్లు నావే. ముందు దవడ అరిగిపోయిందిగా, నేను పక్కనుంచి కొరుకుతాను. ఎవరే ఇది గమనించిందీ?" అంటూ నవ్వింది.

బుట్ట అడుగున ఇంకొక పొట్లం మిగిలింది. ఎండుటాకులో చుట్టి, పైన ఎర్రటి బొచ్చు కుచ్చు పెట్టి ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"చూశారా! దిక్కులేని పొట్లం ఒకటి మిగిలింది. ఓడిపోయావే చుంచూ!" అని గెంతబోయి, నక్క ఆగిపోయాడు. ఆ కుచ్చు వంక చూశాడు. తన తోక వంక చూసుకున్నాడు. మళ్ళీ కుచ్చు వంక చూశాడు.

"ఇది... నా తోకదే! మొన్న ఊడింది. నాకా? నాకెవరిస్తారు?"

"ఎక్కడ ఊడిందిరా తీతూ?" అని దెబోరమ్మ అమాయకంగా అడిగింది.

"ఎక్కడేమిటి పెద్దమ్మా, చర్చి వెనక ముళ్ళకంచెలో. చెత్తకుండీలోంచి రంగు కాగితాలు ఏరుకుని వస్తుంటే..."

చటుక్కున నాలుక కరుచుకున్నాడు.

"ఓడలో రాలేదా?" అన్నాడు గిద్యోను.

"నీది కూడా పారేసిందేనా, అల్లుడూ!" అన్నాడు యోనా. ఇక చూడండి, నవ్వులే నవ్వులు. కొమ్మలు ఊగిపోయాయి.

నక్క తల దించుకుని వెళ్ళిపోబోయాడు. రాహేలు అడ్డం నిలబడింది.

"పొట్లం విప్పకుండా పోతావేం తీతన్నా? పెద్దమ్మ నా చెవిలో ఊదింది నీ పేరే."

విప్పితే, లోపల వేపగింజలు నూరి తడిపిన దూది ముక్క. ముల్లు దిగిన కాలికి కట్టుకోవడానికి. కుంటుతున్నాడని తోటలో ఇంకెవరికీ పట్టలేదు. నక్క ఆ దూదిని కాలికి కట్టుకున్నాడు. దెబోరమ్మ తన చెవిలో ఊదిన పేరు తలుచుకుని, తానే వెళ్ళి రాహేలు ఇంటి ముందు ఎండిన జీడిగింజ ఒకటి పెట్టి వచ్చాడు. దాన్ని దేనిలో చుట్టాడో తెలుసా? దేనిలోనూ చుట్టలేదు. రాహేలు ఏం పారేస్తుందో ఆయన ఎప్పుడూ చూడలేదు పాపం. మరుసటి ఏటికల్లా చూసిపెట్టాడట.

ఆ తర్వాత ఆ తోటలో జీడిగింజలు ఎవరి ఇంటివి వాళ్ళ ఇంట్లోనే ఉన్నాయి.

సరే, లేవనీయండి నన్ను. పొయ్యి మీద మైదా జిగురు గడ్డకట్టిపోతోంది, నక్షత్రానికి ఇంకో కొమ్ము అతికించాలి. మీరు కత్తెర పట్టుకునే ముందు, ఈ పొట్లం ఎవరికో వాళ్ళను ఒక్కసారి తలుచుకోండి: పుచ్చుకునేవాళ్ళను బాగా గమనించి ఇస్తే, పారేసిన ఆకులో చుట్టినా అది గొప్ప కానుకే.