హుస్సేనమ్మ పడుకునే బొంత

ఓబులమ్మకు నాలుగు రోజులుగా ముద్ద దిగడం లేదు.

కారణం చెప్తే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. జరిగింది చిన్నదే. కర్నూలులో చేతిపనుల అంగడి పెట్టుకున్న వైదేహమ్మ బొంతలు తీసుకుపోవడానికి వచ్చింది. పంచలో తీగ మీద వేసిన బొంత ఒకటి చూసి అక్కడే ఆగిపోయింది. నీలం మీద పసుపు, పసుపు పక్కన ఎరుపు. వాటి మీదుగా గాలికి చెరువు నీళ్లు కదిలినట్టు సాగిన కుట్టు. వైదేహమ్మ అరచెయ్యి పెట్టి నిమిరింది.

"హుస్సేనమ్మ చెయ్యి అంటే ఇదీ!" అంది.

ఆ బొంత కుట్టింది ఓబులమ్మ. వానాకాలమంతా కుట్టింది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె పక్కనే చెంబు పట్టుకుని నిలబడి ఉంది. వైదేహమ్మ చెంబు అందుకుని, నీళ్లు తాగి, "నువ్వెవరమ్మా? ఇంట్లో పనికి ఉంటావా?" అని అడిగింది.

ఓబులమ్మ తల ఊపింది. అవునని ఊపిందో కాదని ఊపిందో ఆమెకే తెలియదు.

నల్లమల కొండల కింద ఆ ఊరు. దూదేకులవాళ్ల వీధి చివర హుస్సేనమ్మ ఇల్లు. పాత చీరలు తెచ్చిస్తే బొంత కుట్టి ఇస్తుంది. ఇప్పుడు ముసలితనం వచ్చింది, చెయ్యి వణుకుతుంది. మొగుడు పోయిన ఏడాది ఓబులమ్మ ఆమె దగ్గరికి పని నేర్చుకుందామని వచ్చింది. వచ్చిన మనిషి ఉండిపోయింది. పొద్దున్నే వచ్చి పొద్దుగూకాక ఇంటికి పోతుంది.

ఊర్లో ఓబులమ్మను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. చిన్నప్పుడు ఎద్దుల చెన్నప్ప కూతురు. పెండ్లయినాక మద్దిలేటి పెండ్లాం. ఇప్పుడు బొంతలామె కాడుండే ఆమె. ఎవరినీ ఏమీ అనలేదు ఆమె ఎప్పుడూ. కానీ ఆ తీగ మీది బొంతలో ఒక్కొక్క కుట్టూ ఆమెది. అందులో కూడా ఆమె లేకపోతే ఇంక యాడుంది?

అయిదో రోజు మధ్యాహ్నం హుస్సేనమ్మ వాకిట్లో ఎండకు కూర్చుని కందిబేడలు చెరుగుతోంది. ఓబులమ్మ వచ్చి స్తంభం పట్టుకుని నిలబడింది.

"అవ్వా, ఒక మాట."

"చెప్పు. నాలుగు రోజుల్నుంచి ఆ మాటను గొంతులో చేపముల్లు మాదిరి పెట్టుకోని తిరగతాండావు. మింగితే మింగు, కక్కితే కక్కు."

"నేను కుట్టిన బొంతలకు మూలన నా పేరు కుట్టుకుంటా."

చేట ఆగలేదు. పొట్టు గాలికి ఎగిరింది.

"నేను ఒద్దంటే?"

"నా ఇంటికాడనే కుట్టుకుంటా. వైదేహమ్మను నేనే పోయి కలుస్తా." ఆ మాట అనేసి ఓబులమ్మ తన మాటకు తనే భయపడింది. కానీ వెనక్కి తీసుకోలేదు.

హుస్సేనమ్మ చేట కింద పెట్టింది. కోపం వస్తుందనుకుంది ఓబులమ్మ. ముసలామె నోట్లో మిగిలిన నాలుగు పండ్లూ కనపడేటట్టు నవ్వింది.

"నీ చెయ్యి నా చెయ్యి కంటే బాగుండాది. నాకు తెలీదనుకుంటివా? పీరమ్మ కాడ నేను కుట్టినవాటిని పీరమ్మ బొంతలు అనేవాళ్లు. ఏడ్చి ఏడ్చి కండ్లు వాచిపొయ్యేవి నాకు."

"పీరమ్మ ఎవరవ్వా?"

"సూడు మరి. ఊరంతా మోగిన పేరు. నువ్వే అడగతాండావు ఎవరని."

హుస్సేనమ్మ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. లోపలికి పోయి తను పడుకునే బొంతను ఈడ్చుకుంటూ వచ్చింది. గడప దాటించలేకపోతే ఓబులమ్మ పోయి అందుకుంది. తడిసిన గోనెసంచి అంత బరువుంది. ఇన్నేళ్లలో ఆ బొంతను హుస్సేనమ్మ ఎవరి చేతికీ ఇచ్చింది లేదు. తనే దులుపుకునేది, తనే ఎండకు వేసుకునేది. ఇప్పుడు కాళ్ల వైపు పైగుడ్డ చీలికలు పేలికలుగా చిరిగింది.

"దీన్ని బాగుచెయ్యి" అంది. "ఇందులో ఎవరి పేరు యాడుందో సూడు. దాని పక్కనే నీ పేరు కుట్టు. ఆ తర్వాత నీకు ఇష్టమైన బొంత మీద, ఇష్టమైనంత పెద్దగా కుట్టుకో. నేను అడ్డం రాను." మళ్లీ వాకిట్లోకి పోయి చేట పట్టుకుంది.

ఓబులమ్మ గుండె తేలికైంది. ఇంత సులువుగా ఒప్పుకుంటుందని అనుకోలేదు. పంచలో చాప పరిచి బొంతను దాని మీద వేసింది. కత్తెర, సూదిడబ్బా తెచ్చుకుంది. పేరు ఏ రంగు దారంతో కుట్టాలా అని కూడా ఆలోచించింది. ఎరుపైతే బాగుంటుంది. దూరానికి కనపడుతుంది.

ఆ ఇంట్లో చిరిగిన పైగుడ్డను విప్పరు. దాని మీదే ఇంకో చీర పరిచి, కలిపి కుడతారు. ఓబులమ్మకు ఆ పద్ధతి తెలుసు. కానీ అంగళ్లకు పోయే బొంతలు తేలికగా ఉండాలి. మోతబరువుంటే పట్నం వాళ్లు ముట్టుకోరు. అవి కుట్టీ కుట్టీ పాత పొర తీసెయ్యడమే ఆమె చేతికి అలవాటైంది. కత్తెర తీసుకుని అంచు పొడుగునా దారాలు కత్తిరించింది. మధ్యలో వరసలు కత్తిరించింది. పైగుడ్డ రెండు కొసలూ పట్టి గుంజితే చర్రున ఊడివచ్చింది. ఉండ చుట్టి మూలకు పారేసింది.

వాకిట్లో చేట చప్పుడు ఒక్క క్షణం ఆగింది. మళ్లీ మొదలైంది.

ఓబులమ్మ బొంత వైపు తిరిగింది. కత్తెర చేతిలోనే ఉండిపోయింది.

కింద చిలకపచ్చ. కాళ్ల వైపు చిరుగు ఒకటి తప్పితే ఇప్పుడే నేతమగ్గం మీద నుంచి దిగినట్టుంది. ఎన్నేళ్లయిందో ఏమో, పైగుడ్డ కప్పినాక ఆ పచ్చను ఎండ చూడలేదు, నీళ్లు చూడలేదు, మనిషి కన్ను చూడలేదు. దాని నిండా కుట్టు. పైగుడ్డకు లోపల మెత్తగా ఉంటే చాలని ఏదో పాతగుడ్డ పెట్టి ఉంటారనుకుంది ఓబులమ్మ. ఇది పాతగుడ్డ కాదు. ఇది కూడా ఒక బొంతే. పూర్తిగా, నాలుగు అంచులూ మడిచి, కుట్టడం ముగించిన బొంత.

వంగి చూసింది. ముళ్లన్నీ ఎడమ అంచున ఉన్నాయి. కుడిచేత్తో కుట్టే మనిషి వరసను కుడి అంచున ముడి వేసి మొదలుపెడుతుంది. అంటే ఇది ఎడమచేతి మనిషి పని. వరసల మధ్య దూరం ఎక్కడా వెంట్రుకంత తేడా లేదు. దీని పక్కన తన నీలం బొంత పెడితే ఎట్లుంటుంది? ఆ ఆలోచన వచ్చిన వెంటనే దాన్ని తోసేసింది.

తలగడ వైపు అరచెయ్యంత మేర మాత్రం కుట్టు వంకరటింకరగా ఉంది. కోడి గెలికినట్టుంది. 'ఇంత చెయ్యి ఉన్న మనిషి దీన్ని విప్పి మళ్లీ కుట్టలేదేంది?' అనుకుంది. విప్పలేదు సరికదా, ఎడమచేతి వరసలు ఆ వంకర కుట్టు దాకా వచ్చి, దాన్ని తాకకుండా చుట్టు తిరిగి, మళ్లీ కలిసి సాగిపోయాయి. పడుకున్న పసిపిల్లను దాటకుండా పక్కనుంచి పోయినట్టు.

బొంత ఇంకా మందంగానే ఉంది. ఓబులమ్మ ఆగలేకపోయింది. ఈసారి కత్తెర పెట్టలేదు. సూదిమొనతో ఒక మూలన జానెడు మేర కుట్టు మెల్లగా విప్పి, పచ్చగుడ్డను పైకి మడిచింది.

కింద ఇంకో బొంత. పసుపుకొమ్ము రంగు. ఈ చెయ్యి వేరు. ముళ్లు కుడి అంచున ఉన్నాయి. ఒక్కొక్క కుట్టు ఆవగింజంత. అట్లాంటి కుట్టును ఓబులమ్మ ఎక్కడా చూడలేదు. సూదితో కుట్టినట్టు లేదు, గుడ్డకు పుట్టినప్పటి నుంచే ఉన్నట్టుంది. ఆ మూలలోనే అరచెయ్యంత మేర మళ్లీ వంకర కుట్టు. తడబడుతూ, ఆగుతూ, ఒకచోట దారం చిక్కుపడి ఉండ కట్టింది. ఆ వంకర కుట్టు ముళ్లు మాత్రం ఎడమ పక్కన ఉన్నాయి.

ఓబులమ్మ చాలాసేపు దాన్నే చూసింది.

ఎడమ చెయ్యి. నేర్చుకుంటున్న చెయ్యి.

మడిచిన పచ్చగుడ్డను దించింది. వెంట్రుకంత తేడా లేని ఆ ఎడమచేతి వరసలను మళ్లీ చూసింది. దారం చిక్కుపెట్టుకున్న ఆ పిల్లే ఈ పచ్చబొంత కుట్టింది. పెద్దదై కుట్టింది. తన ఏడుపుకుట్టు కింద ఉందని తెలిసీ దాని మీదే కుట్టింది.

అయితే, పచ్చబొంతలో ఈ వంకర కుట్టు ఎవరిది?

మోకాళ్ల మీద జరిగి దగ్గరికి పోయింది. వేలితో తడిమింది. వరసలు వంకరగా ఉన్నా ప్రతి వరసలో చివరి కుట్టు ఒకటే మిగతావాటికంటే పొడుగు. ఆ పొడుగు కుట్టు ఆమెకు తెలుసు. హుస్సేనమ్మ ఇప్పటికీ అట్లాగే ముగిస్తుంది. 'వరస అయిపోతే మనిషి ఊపిరి ఇడవదా? సూదీ అంతే' అంటుంది.

ఓబులమ్మ తలెత్తి వాకిట్లోకి చూసింది. హుస్సేనమ్మ బేడలు డబ్బాలో పోసుకుంటోంది. తెల్లజుట్టు, వంగిన వీపు. ఓబులమ్మ కంటికి ఆమె కనపడలేదు. లంగా కట్టుకుని, పక్కన కూర్చున్న ఎడమచేతి మనిషిని బెదురుగా చూస్తూ సూది పట్టుకున్న పిల్ల కనపడింది.

అప్పుడు ఓబులమ్మకు మూలన పారేసిన పైగుడ్డ గుర్తొచ్చింది.

లేవలేదు. చాప మీద పాకుతూనే పోయింది. ఉండను విప్పి ఒళ్లో పరుచుకుంది. రంగు వెలిసిన గుడ్డ. ఎత్తి వెలుతురుకు పట్టి చూస్తే ఒకప్పుడు ఉల్లిపొర రంగు. ఈ చీరను ఆమె ఎరుగును. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో, ఏ గుడ్డా ఏ బొంతా తెలియని రోజుల్లో, హుస్సేనమ్మ ఈ చీర కొస ఆమె ముందుకు జరిపి, సూది ఇచ్చి, కుట్టమంది. వేలికి గుచ్చుకుంది. "గుడ్డ మీద నెత్తురు పడిందవ్వా" అంటే, "పడనీలే. బొంత కదా, తాగుతాది" అంది ముసలామె. తను ఇంటికి పోయినాక అదంతా విప్పేసి ఉంటుందని ఓబులమ్మ ఇన్నేళ్లూ అనుకుంది.

వెతికింది. కాళ్ల వైపు కాదు. పక్కకు కాదు. తలపెట్టుకునే చోట ఉంది. గోధుమరంగు మచ్చ, మెంతిగింజంత. దాని చుట్టూ అరచెయ్యంత మేర దారం లేదు. దారం ఇందాకే ఆమె కత్తెర కింద తెగిపోయింది. సూది దిగిన చిల్లులు మాత్రం ఉన్నాయి. వాటి చుట్టూ, వాటిని తాకకుండా, పొడుగు కుట్టుతో ముగిసే వరసల చిల్లులు తిరిగి పోయాయి.

ఎండ ఆ చిల్లుల్లోంచి దిగి ఆమె మోకాళ్ల మీద వంకరగా పడింది.

ఓబులమ్మ గుడ్డను మెల్లగా పక్కన పెట్టింది. బొంత దగ్గరికి వచ్చి, విప్పిన మూలలోంచి పసుపు బొంత కిందికి చెయ్యి పోనిచ్చింది. కింద ఇంకా మందంగానే ఉంది. వేళ్లకు మరో అంచు తగిలింది. దాని కింద ఇంకో అంచు. చెయ్యి ఇంకా లోపలికి పోయేది. నిద్రపోతున్నవాళ్ల గదిలోకి చెప్పకుండా వచ్చినట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది.

హుస్సేనమ్మ వచ్చింది. గోడ పట్టుకుని, చాప కొసన మెల్లగా కూర్చుంది. పక్కన పడి ఉన్న కత్తెరను చూసింది, ఒళ్లు తెరుచుకుని ఉన్న బొంతను చూసింది.

"దొరికిందా పేరు? దాని పక్కన నీది కుట్టమంటి గదా."

ఓబులమ్మ బొంత మీద అరచెయ్యి పెట్టింది.

"పేర్లు లేవవ్వా" అంది. "మనుషులుండారు."

హుస్సేనమ్మ వణికే చేత్తో సూది తీసి ఆమెకు అందించింది.

"మనుషులుంటే అట్ల తెరిచి పెడతారా అమ్మీ? బయట చలిగాలి. కప్పు."