ఓటుకు అర్థం

పూర్వం సూరపరాజనే జమీందారు పట్నంలో తెల్లదొరల దగ్గర ‘ఓటు’ అనే మాట విని మోజుపడ్డాడు. ఊరికి రాగానే రైతులను కోట ముందుకు పిలిపించాడు.

"ఓటంటే జనం మనసులో మాట. కాలువ నీళ్లు నా మామిడితోటకు మళ్లించాలనేవాళ్లు చేతులెత్తండి!" అన్నాడు.

పక్కనే బంట్రోతులు కర్రలతో నిలబడ్డారు. పొలాలు ఎండిపోతాయని తెలిసీ రైతులందరూ చేతులెత్తారు.

"చూశారా, ఊరంతా ఒప్పుకుంది!" అని జమీందారు మురిసిపోయాడు.

కోటకు కుండలిచ్చే పైడితల్లి ముందుకొచ్చింది. "బాబూ, నీళ్లు పొలాలకే ఉండాలనేవాళ్లను కూడా ఇలాగే ఒకసారి అడగండి."

ఆయన అడిగాడు. మళ్లీ అందరూ చేతులెత్తారు. జమీందారు తెల్లబోయాడు.

"మీరేం అడిగినా వీళ్లు కాదనలేరు బాబూ. ఇది మీ మనసులో మాటే కానీ వాళ్లది కాదు. ఎవరేమన్నారో మీకు తెలియకుండా అడగండి, అప్పుడు చెబుతారు" అంది పైడితల్లి.

జమీందారు చాలాసేపు ఆలోచించాడు. బంట్రోతులను పంపేసి, గదిలో ఒక కుండ పెట్టించాడు. తోటకైతే గులకరాయి, పొలాలకైతే చింతగింజ వేయమన్నాడు. రైతులు ఒక్కొక్కరే వెళ్లి వేసి వచ్చారు. ఆఖరున తనూ వెళ్లి వేశాడు.

అందరి ముందూ కుండ బోర్లించారు. అన్నీ చింతగింజలే. గులకరాయి ఒక్కటీ లేదు.

రైతులకు కళ్లు చెమర్చాయి. జమీందారు కాళ్లకు దండం పెట్టబోయారు.

"నాకు కాదురా," అన్నాడాయన, పైడితల్లిని చూపిస్తూ. "నాకు ఆ మాటకు అర్థం నేర్పిన తల్లికి పెట్టండి."