పైడమ్మ చేతిలో ముక్క

పాత్రుడు మాస్టారు ఇచ్చిన నల్లకోటును లోకనాథం తిరిగి తెచ్చేశాడు. ఆదివారం రైల్వే కాలనీ హాల్లో అతను మొదటిసారి ఒంటరిగా పేకముక్కల ఇంద్రజాలం చెయ్యాలి. గురువుగారికి చేతులు వణుకుతున్నాయి, ఇక ఆయన స్టేజీ ఎక్కలేరు.

"నావల్ల కాదండీ. ఇంకెవరినైనా చూసుకోండి," అన్నాడు. ఏడుపొక్కటే తక్కువ.

"ఏమైంది?"

"ఏడాదిగా సాధన చేస్తున్నాను. ముక్క ఎప్పుడు మారిందో అద్దంలో చూసుకుంటే నాకే తెలియదు. చూసినవాళ్లు మాత్రం బాగుంది అని ఊరుకుంటున్నారు. నిన్న మన టిఫిన్ల పైడమ్మకి చూపించాను. 'బాగుంది బాబూ, ఇడ్లీలు ఎన్నెట్టమంతావు?' అంది."

మాస్టారికి నవ్వొచ్చింది గానీ, శిష్యుడి మొహం చూసి ఆపుకున్నారు.

"కోటు సంగతి తర్వాత. ఆకలేస్తోంది, పద."

పైడమ్మ బండి దగ్గర బెంచీ మీద కూర్చున్నారు. కోటు ఇద్దరి మధ్యా ఉంది. నిన్నటి ఆటే మళ్లీ చెయ్యమన్నారు మాస్టారు.

"నిన్న సూసిందే కదేటి!" అంటూనే పైడమ్మ కొంగుకి చెయ్యి తుడుచుకుని ఒక ముక్క లాగింది. ఆఠీను రాణి. లోకనాథం దాన్ని పేకలో పెట్టించి చకచకా కలిపాడు. పై ముక్క తిప్పి చూపించాడు. ఇస్పేటు పది.

"ఇదేనా?"

"కాదు."

దాన్ని బోర్లించి పైకి తీశాడు. ముక్క మారడం అప్పటికే అయిపోయింది. నిన్నయితే ఈపాటికి వేళ్ల మధ్య గిర్రున తిప్పి, రాణిని ఆవిడ కళ్ల ముందు ఆడించేవాడు. ఆ తిప్పడమంటే అతనికి ప్రాణం.

మాస్టారు వణికే చేత్తో అతని మణికట్టు పట్టుకుని ఆపారు. ముక్కను తీసి పైడమ్మ అరచేతిలో బోర్లా పెట్టారు. రెండో చెయ్యి దాని మీద మూయించారు.

"గట్టిగా పట్టుకోమ్మా. ఏముంది నీ చేతిలో?"

"ఇస్పేటు పది. ఇప్పుడే సూసినాను కదా."

"రాణి కావాలని అడుగు."

"ముక్కని అడగడమేటి బాబూ!" అని నవ్వింది.

మాస్టారు నవ్వలేదు. ఊరికే చూస్తూ కూర్చున్నారు. ఆవిడ నవ్వు మెల్లగా ఆగింది. రెండు చేతులూ మొహం దగ్గరికి తెచ్చుకుని ఏదో గొణిగింది. పొయ్యి మీద సాంబారు పొంగుతున్నా పట్టించుకోలేదు. ఇక తియ్యమని లోకనాథం చెప్పబోతుంటే మాస్టారు అతని మోకాలు నొక్కారు.

చివరికి ఆవిడే చెయ్యి తీసి చూసుకుంది.

"ఓలమ్మో! నా సేతిలోనే మారిపోనాది!"

ముక్క తిరిగివ్వలేదు. టిఫినుకి వచ్చినవాళ్లందరికీ చూపించడం మొదలుపెట్టింది. "పేక నానే కలిపినాను! ఈ బాబులు ముట్టనైనా ముట్టనేదు!"

లోకనాథం గురువుగారి వైపు వంగి, "కలిపింది నేను కదండీ. అలా జరగనే లేదు," అన్నాడు గుసగుసగా.

"ఊరుకో," అన్నారు మాస్టారు. "ఆట ఇప్పుడే మొదలైంది."

లోకనాథం తుంచిన ఇడ్లీ చేతిలోనే ఉంచుకుని, పైడమ్మ చేతులవైపు చూస్తూ ఉండిపోయాడు. లేచేటప్పుడు మాస్టారు కోటు అందుకోబోయారు. ఆయనకంటే ముందే లోకనాథం దాన్ని తీసుకుని చంకలో పెట్టుకున్నాడు.