డాక్టరుగారి ‘ఊఁ’

ఇది చిన్న కథ. నాలుగు ముక్కల్లో అయిపోతుంది. కానీ ముందు కుందేలు తాయారమ్మ సంగతి చెప్పాలి. తాయారమ్మ బొరియలో ఉలవలు దాచుకుంటుంది. తినదు, చుట్టాలొస్తే చూపిస్తుంది. ఆ చుట్టాలున్నారే... సరే, వాళ్ళ గొడవ ఇప్పుడెందుకు. ఆ ఉలవలు ఒకరోజు మాయమయ్యాయి. అదే రోజు మేక రత్తమ్మ పిల్లకి కడుపు ఉబ్బింది.

రత్తమ్మ ఎవర్నీ నమ్మదు. తన నీడ వెంట వస్తున్నా, ఎందుకొస్తోందని ఆగి చూసే రకం. అయినా పిల్ల మూలుగుతుంటే ఏం చేస్తుంది? సందెవేళ గుట్ట మీది గుడ్లగూబ డాక్టరు చిదంబరంగారి చెట్టు కిందికి తీసుకెళ్ళింది. అక్కడ చెవిపోటుతో తాయారమ్మ కూర్చుని ఉంది.

“ఏం తింది?” డాక్టరుగారు తొర్రలోంచే అడిగారు.

రత్తమ్మ తాయారమ్మ చెవులకేసి చూసింది. అంత పొడుగు చెవులు!

“గడ్డేనండీ.”

“ఊఁ...” అన్నారాయన. “నీళ్ళు బాగా తాగించు. తరవాత ఎవరు?”

మలుపులో నక్క భద్రయ్య ఎదురొచ్చాడు. డాక్టరుగారి ‘ఊఁ’లకి అర్థాలు చెప్పడం అతని పని. ఎవరూ పెట్టలేదు, తనే పెట్టుకున్నాడు.

“ఎంత పొడుగు ఊఁ అన్నారక్కా?”

“పొడుగే.”

“అయ్యో! తెల్లారేదాకా ఉండదన్నమాట. ఆ పొదలో చల్లగాలికి పడుకోబెట్టి నువ్వెళ్ళు. నేను కాపలా ఉంటాగా.”

చెబుతూనే మూతి తుడుచుకున్నాడు. రత్తమ్మ అది చూసింది. “నీళ్ళు తాగించి తెస్తా, తమ్ముడూ” అని, సరాసరి డాక్టరు దగ్గరికే వెనక్కి నడిచింది. అప్పటికి తాయారమ్మ వెళ్ళిపోయింది.

“ఇందాకటి ఊఁకి అర్థమేంటండీ?”

“అర్థమా? గడ్డి అన్నావు, నాకు నమ్మకం కుదరలేదు.”

“మరి అప్పుడే అడగొచ్చుగా?”

“మళ్ళీ అడిగితే డాక్టరుకేం తెలీదనుకుంటారుగా!”

రత్తమ్మ అటూ ఇటూ చూసింది. “ఉలవలండీ. తాయారమ్మవి. ఆవిడ ముందు ఎలా చెప్పను?”

చిదంబరంగారు మొదటిసారి చెట్టు దిగారు. “ఉలవల మీద నీళ్ళా? పొట్ట పగిలేది! తాగించావా?”

“మిమ్మల్ని నమ్మలేదండీ. అందుకే తాగించలేదు.”

డాక్టరుగారు వాము నమిలించి, పిల్లని మెల్లగా నడిపిస్తూ, పక్కనే తనూ నడిచారు. “భయపడకమ్మా, తేన్పు వస్తే గండం గడిచినట్టే” అని చెబుతూనే ఉన్నారు. తేన్పు వచ్చింది. గుట్టంతా వినబడింది. తాయారమ్మకి ఉలవల వాసన కూడా తగిలింది, అది వేరే గొడవ.

పొదలో మంచులో కూర్చుని కూర్చుని భద్రయ్యకి గొంతు పట్టేసింది. పొద్దున్నే డాక్టరు దగ్గరికెళ్ళాడు.

“రా నాయనా, ఎక్కడ నొప్పి? నేనున్నాగా” అన్నారు చిదంబరంగారు.

భద్రయ్య నాలుగడుగులు వెనక్కి వేశాడు. ఎవర్నైనా తినబోయే ముందు తను అనేది సరిగ్గా ఆ మాటే. ఆయనిచ్చిన మందు తీసుకెళ్ళి కాలవలో పారబోశాడు. గొంతు పోయింది.

డాక్టరు విడమరచి అడగాలి, రోగి దాచకుండా చెప్పాలి, ఇదీ నీతి అంటుంది రత్తమ్మ. భద్రయ్యని అడిగితే “ఊఁ” అంటాడు.